తాంబూలంలో రెండో వక్క

"దాన్ని ముట్టొద్దమ్మా!"

సంజీవయ్య కేకకు ఆర్షియా చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

వసారాలో పీట మీద ఇత్తడి పళ్లెం ఉంది. అందులో తమలపాకుల దొంతర, ఆకుల కింద పసుపు కొమ్ము, వక్క. గురువారం నాడు నంద్యాల సత్యనారాయణ శెట్టి స్వయంగా వచ్చి ఇచ్చిపోయిన తాంబూలం అది. మూడు రోజులకే ఎండకు ఆకుల అంచులు నల్లబడి ముడుచుకుపోయాయి.

"చెత్తలో పారేస్తా మామా. ఇది పోతే గానీ ఈ ఇంటికి పట్టిన పీడ పోదు," అంది ఆర్షియా.

"ఆకులు పోతాయి. మాట యాడికి పోతాది?" డోలు వాయించీ వాయించీ కాయలు కాసిన వేళ్లతో సంజీవయ్య గడ్డం గోక్కున్నాడు. "మే పద్నాలుగున శెట్టి కూతురి పెండ్లికి మన మేళం వస్తాదని ఈ ఇంటి చేయి తాంబూలం తీసుకున్యాది. అదే పద్నాలుగున మనం మారిషస్‌లో సముద్రం గట్టున పాటల పండగలో వాయించాల. మీ ఆయనకు రెండు నోర్లు లేవు గదా, సన్నాయి ఈడొకటి ఆడొకటి ఊదడానికి."

ఈ ఇంటి చేయి అంటే మీరాబీ చేయి. ఆమె వంటింటి గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

"తేదీ సరిగ్గా చూసుకోలేదని చెప్పినా గదా," అంది, చింతపండుకు చెబుతున్నట్టు.

"నువ్వా అత్తా?" ఆర్షియా నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "బడి మొహం చూడకపోయినా ఇంటికొచ్చిన పెండ్లి కార్డులు చదివి చదివి అక్షరాలు నేర్చుకున్న మనిషివి. ముహూర్తం, లగ్నం, గంట, నిమిషం అన్నీ గడగడ చదువుతావు. నువ్వు తేదీ చూసుకోలేదంటే నేను నమ్మాల్నా?"

చింతగింజ ఒకటి జారి వసారా మధ్యకు దొర్లింది. ఎవరూ తీయలేదు.

ఇర్షాద్ స్తంభం పక్కన కూర్చుని సన్నాయిని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. ఇంట్లో మాటామాటా వచ్చిన ప్రతిసారీ ఆ సన్నాయి అద్దంలా తయారవుతుంది.

"నువ్వన్నా నోరు తెరువు," అంది ఆర్షియా మొగుడితో.

"ఏం చెప్పాల? మారిషస్ వాళ్లకు ఫోన్ చేసి, ఈసారికి రాలేమంటా. మళ్లీ యాడాది పిలుస్తారులే."

"అంటావు. నీకేం, అంటావు. వీడియో తీసిందెవరు? వాళ్లకు పంపిందెవరు? ఆర్నెల్లు వాళ్లతో ఉత్తరాలు నడిపిందెవరు? మేళానికి మూడు దినాలు, ఆ తర్వాత మొగుడూ పెండ్లాలకు నాలుగు దినాలు అని తిరుగు టికెట్టు వెనక్కి జరిపించిందెవరు? ఆ మూడు దినాలు మీ వాయింపు. నాలుగు దినాలు నావి. ఇసకలో కూర్చుంటా, ఎండ కాపుకుంటా, ఏమీ చెయ్యను."

"ఎండ కాపుకోవడానికి విమానమెక్కి పోవాల్నా?" మీరాబీ మొదటిసారి తలెత్తింది. "మన ఆళ్లగడ్డలో ఎండ తక్కువైందా?"

"ఈడ నలభై మూడత్తా. ఆడ ఇరవై ఏడు. పక్కన సముద్రం."

"మన నలభై మూడు ఏం పాపం చేసింది? పాపం, వాకిట్లోకి వచ్చి మరీ కాస్తాంది."

సంజీవయ్య పక్కున నవ్వి, ఆర్షియా మొహం చూసి ఆపుకున్నాడు. "నేను నల్ల కండ్లద్దాలు కూడా కొన్న్యా వదినా. ఈ ఊర్లో అవి పెట్టుకుంటే కండ్లకలకేమో అనుకుంటారు." గొంతు సవరించుకున్నాడు. "దారి లేకపోలేదు. ఇర్షాద్ నాయన ఖాసిమన్న పెట్టిన కట్టుబాటులోనే దారి ఉండాది. తాంబూలం తీసుకున్న చేయే తిరిగియ్యాల. ఇచ్చినోళ్ల ఇంటికి పోయి ఇయ్యాల. ఒకటే, తీసుకున్న మనిషి దాంట్లోది ఏదీ నోట్లో ఏసుకోని ఉండకూడదు. వక్క పంటి కింద పడిందంటే ఇంక ఎవురు పిలిచినా ఆ పెండ్లికే పోవాల. నువ్వేం ఏసుకోలేదు గదా వదినా?"

ముగ్గురూ ఆమె వైపు చూశారు. వీధి చివర శిల్పుల షెడ్డులో రాయి మీద ఉలి చప్పుడు టకటకా వినిపిస్తోంది.

"లేదు," అంది మీరాబీ.

అది అబద్ధం.

గురువారం శెట్టి కారు మలుపు తిరిగీ తిరగకముందే ఆమె ఒక వక్క తీసి నోట్లో వేసుకుంది. కావాలని వేసుకోలేదు. నలభై ఏళ్లుగా వక్కాకుకు అలవాటు పడిన నోరు, చేతికందింది తీసుకుంది. సగం నమిలాక తెలిసింది, ఏం చేసిందో. ఉమ్మెయ్యలేదు. నింపాదిగా నమిలి మింగింది. ఇంక ఎవరూ ఎక్కడికీ పోరు అనుకుంటే ఆ రోజు మధ్యాహ్నం ఆమెకు కంటి నిండా నిద్ర పట్టింది.

పదకొండేళ్ల క్రితం ఆమె మొగుడు ఖాసిం సాబు చాగలమర్రి పెళ్లికని పోయి, తిరుగు బస్సు కోసం నిలబడ్డ చోటే కూలిపోయాడు. మనిషి కంటే ముందు సన్నాయి ఇంటికొచ్చింది, సంజీవయ్య ఒళ్లో. అప్పటినుంచి ఇర్షాద్ ఏ పెళ్లికి పోయినా ఆమె వాకిట్లో నిలబడి, వాడు మలుపు తిరిగేదాకా చూస్తుంది. చేరగానే ఫోన్ చెయ్యమంటుంది. చెయ్యకపోతే తానే చేస్తుంది. సముద్రం అవతలికి పోయినవాణ్ణి ఏ మలుపు దాకా చూడాలి?

"అయితే ఇయ్యాళే పోయి ఇచ్చిరాండి," అన్నాడు సంజీవయ్య.

"నేను రాను," అన్నాడు ఇర్షాద్. "తీసుకున్యది నేను గాదు. ఇచ్చేది నేను గాదు."

"నేను పోతా తోడు," అంది ఆర్షియా.

మీరాబీ తాంబూలాన్ని తన చేతులతోనే చేతిరుమాల్లో మూటగట్టింది. ఆకులు పైకి, మిగిలిన ఒక్క వక్క కిందికి. నంద్యాలలో శెట్టి భార్య సుశీలమ్మ విప్పి చూస్తుంది. రెండు ఉండవలసిన చోట ఒకటే ఉంటుంది. అంతటితో అయిపోతుంది. తన నోటితో చెప్పే పని కూడా లేదు.

బస్సులో కిటికీ సీటు ఆర్షియా అత్తకే ఇచ్చింది. కోపంలో కూడా మర్యాద తప్పని పిల్ల. అదే మీరాబీకి కష్టంగా ఉంటుంది.

ఆర్షియా ఒళ్లో పెద్ద కాగితం సంచి ఉంది.

"ఏందది?"

"టోపీ. నంద్యాలలోనే కొన్న్యా. ముహూర్తాలుండాయి, మారిషస్ లేదు అని మీ కొడుకు అంటే తిరిగిచ్చేస్తా. ఎట్లాగూ పోతాండాం గదా అని తెచ్చినా."

సంచి తెరిచి చూపించింది. గడ్డితో అల్లిన టోపీ. అంచులు ఇంత వెడల్పు. చుట్టూ ఎర్ర రిబ్బను.

"ఇది పెట్టుకుంటే పొలంలో దిష్టిబొమ్మ లాగుంటావు," అంది మీరాబీ.

"పిట్టలన్నా దగ్గరికి రావు. మంచిదే."

కండక్టర్ వచ్చి పోయాడు. పక్కన ఎవరో బియ్యం మూట దింపుకోవడానికి స్థలం అడిగితే ఆర్షియా కాళ్లు ముడుచుకుంది. సంచి నలుగుతుందని మీరాబీ తన ఒళ్లోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు.

"పెండ్లయి తొమ్మిదేండ్లాయె," అంది ఆర్షియా ఎదుటి సీటు వీపు చూస్తూ. "పండగొస్తే గుళ్లో వాయింపు. ముహూర్తమొస్తే పెండ్లి వాయింపు. ముహూర్తాలు లేని నెలలో సాధకం. ఊరందరి పెండ్లిండ్లలో ఉండాడు మీ కొడుకు. నా పక్కన యాడుండాడు? పిల్లలు లేరని అందరూ నన్ను అడుగుతారు. ఆయప్ప ఇంట్లో ఎన్ని దినాలుండాడని ఒక్కరూ అడగరు."

మీరాబీ ఒళ్లో సంచిని సర్దుకుంది.

"నువ్వు చెప్పత్తా. మామ నిన్ను ఎప్పుడన్నా, యాడికన్నా తీసకపోయినాడా? పెండ్లిండ్లకు గాదు. ఊరికే."

బస్సు ఒక గేదెల మంద కోసం ఆగి, మళ్లీ కదిలింది.

"బెలుం గుహలకు తీసకపోతా అన్న్యాడు," అంది మీరాబీ.

"పోతిరా?"

"ఆడ ఏదో ఉత్సవంలో వాయించి వచ్చినాడు. లోపల ఒక చోట ఊదితే నాదం పోయి పోయి వెనక్కి వస్తాదంట. నీకు వినిపిస్తా పద అన్న్యాడు. ఈ ముహూర్తాలు అయిపోనీ అన్న్యాడు."

"ఆమీట?"

"ముహూర్తాలు అయిపోలేదు."

"బెలుం యాడో లేదు గదత్తా. రెండు గంటల దోవ."

"అవును. రెండు గంటలే."

శిరివెళ్ల వచ్చింది. అక్కడ దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. ఒళ్లో సంచిలోంచి గడ్డి వాసన వస్తోంది. మీరాబీ ఆ సంచి మూతి రెండుసార్లు మడిచింది, రెండుసార్లు విప్పింది. శిరివెళ్ల దాటాక ఆమె మనసు మారింది.

నంద్యాల బస్టాండులో దిగగానే, "నీళ్ల సీసా ఒకటి తేపో అమ్మా, గొంతు ఎండుకపోయింది," అంది కోడలితో.

ఆర్షియా అటు పోగానే మీరాబీ ఇటు పక్క ఆకువక్కల బంకుకు పోయి ఒక గుండు వక్క కొన్నది. కుళాయి కింద తడిపి, మూటలోని పసుపు కొమ్ము తీసి దాని మీద గబగబా రుద్దింది. మిగిలిన వక్క మీదున్నంత పసుపు అంటలేదు. ఇంకా రుద్దింది. కోడలు పోయిన వైపు తిరిగి చూసింది. జీవితంలో ఎప్పుడూ దొంగతనం చెయ్యలేదు. ఇది దొంగతనం కాదు, పెట్టడం. అయినా మళ్లీ అటే చూసింది.

"ఏందత్తా, వేళ్లకు పసుపు?"

"మూట జారింది. సర్దినా."

ఆర్షియా ఆ వేళ్లను చూసింది. బంకును చూసింది. సీసా మూత తీసి ఇచ్చింది.

సత్యనారాయణ శెట్టికి కింద కిరాణా అంగడి, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటే ఇంగువ వాసన, కొత్త సున్నం వాసన కలిసి వచ్చాయి. సుశీలమ్మ ఎదురొచ్చి చాప పరిచి, మజ్జిగ తెచ్చిచ్చింది. సోఫా నిండా పెళ్లి చీరల పెట్టెలున్నాయి.

"మా అమ్మాయి లహరి డీజే చాలంటాది," అంది సుశీలమ్మ. "తాళి కట్టేటప్పుడు డీజే ఏం వాయిస్తాది, నా తలకాయ! మా పెండ్లిలో కరెంటు పోయింది మీరమ్మా. వాన. పందిరంతా చీకటి. మీ ఆయన సన్నాయి మాత్రం ఆపలేదు. ఆ నాదం పట్టుకోనే మేము ఏడడుగులు నడిచినాం. నా కూతురికి కూడా ఆ సన్నాయే ఉండాల."

మీరాబీ ఒళ్లో మూటను రెండు చేతులతో పట్టుకుంది. అంగట్లోంచి శెట్టి పైకొచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం మీరమ్మా, ఎండన పడి వస్తివి? ఫోన్ చేస్తే సరిపోయేది గదా."

"ఫోన్లో ఇచ్చేది గాదప్పా." ఆమె మూట ముందుకు జరిపింది. "తాంబూలం తిరిగిస్తాండా. పద్నాలుగున పిల్లలు ఊర్లో ఉండరు. సముద్రం అవతల పాటల పండగ. నాది తప్పు. తేదీ చూసుకోలేదు."

శెట్టి కాసేపు ఆమెనే చూశాడు.

"తేదీ చూసుకోకపోవడమేంది? ఆ దినం మీ వాకిట్లో నేనే అడిగితిని గదా. ఇర్షాద్ ఏదో దేశం పోతాండాడంట గదమ్మా అని. అది ఆగిపోయిందప్పా, పోవడం లేదు అని నువ్వే అంటివి. అందుకే తాంబూలమిచ్చినా. లేకుంటే నేను అప్పుడే ప్రొద్దుటూరు మేళానికి చెప్పుకుంటుంటి."

ఆర్షియా మజ్జిగ గ్లాసును కింద పెట్టింది. చప్పుడు కాలేదు. అత్త వైపు తిరగలేదు.

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. పెళ్లి చీరల పెట్టె మీద కాగితం లేచి లేచి పడుతోంది.

"సరేలే," అన్నాడు శెట్టి చివరికి. "పిల్లల ముచ్చట నేనెందుకు చెడగొట్టాల? ఖాసిం సాబు కట్టుబాటు నాకూ తెలుసు. నోట పడని తాంబూలాన్ని కాదనే హక్కు ఇచ్చినోడికి లేదు. ఇయ్యి."

మూట విప్పాడు. వాడిపోయిన ఆకులు పక్కన పెట్టాడు. పసుపు కొమ్ము తీశాడు. రెండు వక్కలనూ అరచేతిలో వేసుకుని, అలవాటు కొద్దీ ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. పట్టుకున్న చేయి అట్లనే ఆగింది.

ఒక వక్కను వేళ్ల మధ్య తిప్పి, గోరుతో గీరి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది మా అంగడి వక్క గాదే."

సుశీలమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ముప్పై ఏండ్లుగా వక్కలమ్ముతాండా. నేనిచ్చినవి రెండూ ఒకే బస్తాలోవి. ఇది తేలిక. ఇది బస్టాండు బంకులో సరుకు." శెట్టి గొంతులో కోపం లేదు. ఆశ్చర్యమే ఉంది. "వక్క మార్చినావా మీరమ్మా? మొదటిది ఏమాయె?"

"నేను తిన్యా."

ఆ మాట అన్నది ఆర్షియా.

"నాకు తెలీదు మామా, కట్టుబాటు సంగతి. ఆకుల కింద వక్క కనబడితే నోట్లో ఏసుకున్యా. అత్త చూసి భయపడి ఇంకోటి కొని పెట్టినాది." ఆమె ఒక్క మాట కూడా తడబడలేదు. "తీసుకున్న చేయి అత్తది. తిన్న నోరు నాది. తీసుకున్న మనిషి తినలేదంటే తాంబూలం కట్టు చెల్లదు గదా?"

మీరాబీ కోడలిని చూసింది. ఆర్షియా కూడా అత్తనే చూసింది. ఆ చూపులో అన్నీ ఉన్నాయి. వాకిట్లో చెప్పిన అబద్ధం, ఉదయం చెప్పిన అబద్ధం, బస్టాండులో పసుపు వేళ్లు. అన్నీ తెలిసి కూడా, ఈ ఒక్కటి నాకు ఇచ్చెయ్యి అని అడుగుతున్న చూపు. ఊరికే ఉండు చాలు, అని.

"చెల్లదు," అన్నాడు శెట్టి నెమ్మదిగా. "అదే నిజమైతే చెల్లదు. మీరమ్మా, నీ నోటితో ఒక్క మాట చెప్పు. నాకింకేం వద్దు. ఖాసిం సాబు పేరు తలుచుకోని, నేను తినలేదు అను. ఇప్పుడే ప్రొద్దుటూరికి ఫోన్ చేస్తా."

చాలా చిన్న మాట. గురువారం నుంచి ఇంట్లో అంతకంటే పెద్దవి ఎన్నో ఆడింది. నోరు తెరిచింది కూడా. నాలుక మీద వక్క వగరు తగిలింది, మూడు రోజుల కిందటిది. ఆ మనిషి పేరు ముందు పెట్టుకుని ఆ మాట బయటికి రాలేదు.

"అనత్తా," అంది ఆర్షియా.

"నా కోడలు తినలేదప్పా," అంది మీరాబీ. "తిన్యది నేనే."

సుశీలమ్మ "అయ్యో" అన్నది. అది ఎవరి కోసమో తెలియలేదు.

శెట్టి రెండు వక్కలనూ ఆకుల మీద పెట్టి, రుమాలును మళ్లీ మూటగట్టి, మీరాబీ ముందుకు జరిపాడు. "అయితే పద్నాలుగున ఇర్షాద్ నా కూతురి పందిట్లో ఉండాల. తిట్టుకోవద్దు తల్లీ," అన్నాడు ఆర్షియాతో. "కట్టుబాటు మీ ఇంటిదే."

ఆర్షియా లేచి, తన మజ్జిగ గ్లాసూ అత్త గ్లాసూ తీసుకుపోయి వంటింటి దగ్గర పెట్టి వచ్చింది.

బస్టాండుకు ఆటోలో పోయారు. టోపీ అంగడి దారిలోనే వచ్చింది. మీరాబీ దాన్ని చూసి కోడలి వైపు చూసింది. ఆర్షియా ఆటో ఆపమనలేదు.

ఆళ్లగడ్డ బస్సు నిలబడి ఉంది. ఆర్షియా అత్తను ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చి, తాను కిందికి దిగింది.

"యాడికి పోతాండావు?"

"అదో, బెంగళూరు బస్సు కదుల్తాంది. మా అక్క ఇంట్లో ఉంటా."

"పదిహేడు దినాలుండాది గదమ్మా ఇంకా. ఇర్షాద్‌తో మాట్లాడదాం. ఏదో ఒకటి..."

"ఆయప్ప ఏమంటాడో నాకు తెలుసు. సన్నాయి తుడుస్తాడు." ఆర్షియా సంచిలోంచి టోపీ తీసింది. "నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉండాది. పాటలు లేకపోతే ఎండన్నా చూస్తా."

"ఒక్కదానివా? సముద్రం అవతలికి ఒక్కదానివా?"

"నువ్వు గుహల కోసం కూర్చుంటివే, అట్ల కూర్చోలేను అత్తా."

మీరాబీ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. ఆర్షియా ఆ చెయ్యి పట్టుకుంది. పసుపు ఇంకా పోలేదు. బొటనవేలితో ఒకసారి తుడిచి, వదిలేసింది.

"తొమ్మిదేండ్లు నీ పక్కన వాకిట్లో నిలబడి, మీ కొడుకు మలుపు తిరిగేది చూసినా," అంది. "ఇయ్యాళ నువ్వొక్కదానివే చూడు."

బెంగళూరు బస్సు ముందుగా కదిలింది. ఎర్ర రిబ్బను టోపీ మూడో కిటికీలో ఉంది. గేటు దగ్గర బస్సు ఆగితే మీరాబీ లేచి నిలబడింది. టోపీ ఇటు తిరగలేదు.

ఒళ్లో మూట, మూట కింద ఫోను. ఫోను మోగుతోంది. తెర మీద ఇర్షాద్ పేరు. చేరగానే ఫోన్ చెయ్యమని ఎప్పుడూ తనే చెప్పేది. ఇప్పుడు వాడే అడుగుతాడు, ఇద్దరూ బస్సెక్కినారా అని.

మీరాబీ ఫోను ఎత్తలేదు. మలుపు దగ్గర ఎర్ర రిబ్బను ఇంకా కనిపిస్తూనే ఉంది.